బీపీ బిళ్ల ఎముకల జోలికి పోదు

అపోహ: కాల్షియంను అడ్డుకునే బిళ్ల కాబట్టి ఎముకలు గుల్లబారతాయి.

సీతారామపురం, ఉదయగిరి వైపు ఈ భయం ఊరికే పుట్టలేదు. ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు, మోకాళ్లు పట్టేసిన ప్రాంతమిది. ‘కాల్షియం ఛానల్ బ్లాకర్’ అన్న మాట చెవిన పడితే బిళ్ల పక్కన పెట్టేయాలనిపించడం సహజం. కానీ ఆ రకం బీపీ బిళ్ల అయిన ఆమ్లోడిపిన్ పనిచేసేది రక్తనాళాల గోడల్లోని కండరం మీద. కణాల్లోకి కాల్షియం వెళ్తేనే ఆ కండరం బిగుసుకుంటుంది. మందు ఆ దారిని కొంత మూస్తుంది, నాళం సడలుతుంది, బీపీ దిగుతుంది. ఎముకల్లో కాల్షియం ఉన్నచోటే ఉంటుంది. పాలు, రాగిసంకటి మానక్కర్లేదు. భయపడాల్సింది కీళ్లనొప్పులకని మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగే డైక్లోఫెనాక్ లాంటి వాటికి. అవి బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి.

అపోహ: కాళ్లు వాచాయంటే కిడ్నీలు పోయినట్టే.

ఆమ్లోడిపిన్ మానేసేవాళ్లలో చాలామంది చెప్పే కారణం ఇదే. ఈ మందు సన్నని ధమనులను వెడల్పు చేసినంతగా సిరలను చేయదు. అందువల్ల చీలమండల దగ్గర నీరు నాళాల్లోంచి బయటికి ఊరుతుంది. సాయంత్రానికి వాపు ఎక్కువవుతుంది, 5 మిల్లీగ్రాముల కన్నా 10 వేసుకునేవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. ఒంట్లో నీరు చేరడం వల్ల వచ్చింది కాదు కాబట్టి మూత్రం బిళ్లలకు పెద్దగా లొంగదు. డాక్టరు మోతాదు తగ్గించినా, టెల్మిసార్టాన్ జతచేసినా, సిల్నిడిపిన్‌కు మార్చినా చాలామందికి తగ్గుతుంది. ముఖం ఉబ్బినా, ఆయాసం వచ్చినా, ఒక్క కాలే వాచినా మాత్రం కారణం వేరే ఉండొచ్చు, వెంటనే చూపించుకోవాలి.

అపోహ: ఈ రకం బిళ్లలన్నీ ఒకటే.

కావు. ఇదే రకానికి చెందిన డిల్టియాజెమ్, వెరాపమిల్ గుండె వేగాన్ని కూడా తగ్గిస్తాయి. అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవాళ్లు వాటిని కలిపితే నాడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. గుండె పంపింగ్ తగ్గినవాళ్లకు అవి పనికిరావు. పక్కింటాయన బిళ్ల అడిగి వేసుకోవడం అందుకే వద్దు.

అపోహ: మూడు రోజులు వేసినా బీపీ దిగలేదు, మందు పనిచేయట్లేదు.

ఆమ్లోడిపిన్ ఒంట్లో నిలకడైన స్థాయికి చేరడానికే వారం పైన పడుతుంది.

అపోహ: గుండెనొప్పి వస్తే ఇంకో ఆమ్లోడిపిన్ వేసుకుంటే చాలు.

రోజూ వాడితే యాంజైనా నొప్పి రావడాన్ని అది తగ్గిస్తుంది. వచ్చిన నొప్పిని అప్పటికప్పుడు ఆపలేదు, మింగాక రక్తంలో పూర్తిగా చేరడానికే 6 నుంచి 12 గంటలు కావాలి. నాలుక కింద నిఫెడిపిన్ పిండే పాత అలవాటు ఇంకా ప్రమాదం, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. డాక్టరు ముందే రాసిచ్చి ఉంటే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకుని, 108కి ఫోన్ చేయాలి.