నాలుగుకు ఒకటి

గోదావరిఖనిలో ఆటో ఎక్కి ‘ఎయిట్ ఇంక్లైన్’ అంటే చాలు, డ్రైవర్ మరో మాట అడగకుండా కాలనీకి తీసుకెళ్తాడు. ఇంక్లైన్ అంటే ఏటవాలు దారి అన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు. నేల మీది నుంచి బొగ్గు పొర దాకా దిగే వాలుదారికి ఒక నంబరు పెట్టారు. ఆ నంబరు గనికి పేరైంది, గని పేరు కాలనీకి పేరైంది. రేఖాగణితపు మాట ఊరి నోట ఇంతగా నానడం మరెక్కడా చూడలేదు నేను.

వాలును కొలిచే తీరులో ఇంకో ముచ్చట ఉంది. బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లు దాన్ని డిగ్రీల్లో చెప్పరు. ‘నాలుగుకు ఒకటి’, ‘ఆరుకు ఒకటి’ అంటారు. నాలుగు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు కిందికి దిగుతామని. మీటర్ల బదులు అడుగులు పెట్టినా, మూరలు పెట్టినా వాలు అదే. నిష్పత్తికున్న సుగుణమిది, కొలబద్ద మారినా చెదరదు. వడ్రంగి, తాపీ మేస్త్రి, సెంట్రింగ్ పనివాడు చేసే లెక్కలు చాలామటుకు ఈ కోవలోవే. అంకెను తప్పించుకుని, దాని పనిని ఒక దారానికో, నీళ్లకో, వాలుకో అప్పజెప్పే లెక్కలవి.

అయితే ‘నాలుగు’ ఎటు కొలవాలి? వాలు వెంబడి నడుస్తూ కొలిస్తే ఒక లెక్క, నేలకు సమాంతరంగా కొలిస్తే ఇంకో లెక్క. వాలు వెంబడి నూరు మీటర్లు దిగామనుకోండి. మొదటి పద్ధతిలో సరిగ్గా 25 మీటర్ల లోతుకు చేరతాం. రెండో పద్ధతిలో 24.25 మీటర్ల దగ్గరే ఉంటాం. నూరు మీటర్లకు ముప్పావు మీటరు తేడా అంటే గనిలో చిన్న సంగతి కాదు, బొగ్గు పొర పైనో కిందో ఉండిపోతుంది. బాత్రూము నేలకు మాత్రం ఈ బాధ లేదు. అక్కడి వాలు అయిదడుగులకు అంగుళం, అంటే అరవైకి ఒకటి. అంత చిన్న వాలులో రెండు పద్ధతులూ ఒకటే జవాబిస్తాయి.

వాలు లెక్క అసలు సత్తా తెలిసేది మెట్ల దగ్గర. పది అడుగులు, అంటే 120 అంగుళాలు ఎక్కాలి. ఒక్కో మెట్టు ఆరున్నర, ఏడు అంగుళాల మధ్య ఉంటే మోకాళ్లకు హాయి. 18 ఎత్తులుగా పంచితే ఒక్కోటి ఆరు అంగుళాల మీద మూడింట రెండు వంతులు వస్తుంది. ఎత్తులు 18 అయితే కాలు మోపే పలకలు ఎన్ని? పదిహేడే. ఆఖరి ఎత్తు ఎక్కాక కాలు పడేది స్లాబు మీద. ఈ ఒక్కటి మరిచి పలకలు కూడా 18 అని లెక్కేస్తే మెట్లవరస పదిన్నర అంగుళాలు ముందుకు జరిగి గుమ్మానికి అడ్డం వస్తుంది. అలా అడ్డం వచ్చిన మెట్లు నేను రెండు ఇళ్లలో చూశాను. పలక వెడల్పు పదిన్నర ఎందుకంటే, రెండు ఎత్తులూ ఒక పలకా కలిస్తే సుమారు 24 అంగుళాలు రావాలని 17వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన బ్లోండెల్ అనే వాస్తుశిల్పి చెప్పాడు. మనిషి అంగను బట్టి కట్టిన సూత్రమది. మన కాళ్లకూ సరిపోతుంది.

ఇప్పుడు ఆ మూడింట రెండు వంతుల్ని టేపు మీద వెతకండి. దొరకదు. మన పనివాళ్ల టేపులో అంగుళానికి ఎనిమిది సూతులు. అంగుళంలో సగం, సగంలో సగం, పావులో సగం. సగానికి సగం మడుస్తూ పోతే మూడో వంతు ఎన్నటికీ రాదు. సరే, దగ్గరగా ఉంది కదా అని ఆరు అంగుళాల అయిదు సూతులు పట్టారనుకోండి. ఒక్కో మెట్టుకు తగ్గేది సూతులో మూడో వంతు మాత్రమే. పద్దెనిమిది మెట్లకు అది ఆరు సూతులవుతుంది. ఆ ముప్పావు అంగుళమూ పోయి ఆఖరి మెట్టు మీద కూర్చుంటుంది. కాలికి లెక్క రాదు గానీ జ్ఞాపకం ఉంటుంది. పదిహేడు మెట్లు ఒక్క తీరుగా ఎక్కిన కాలు పద్దెనిమిదో మెట్టుకు తట్టుకుంటుంది.

తెలిసిన మేస్త్రి ఒక్కో మెట్టూ విడిగా కొలవడు. మూడు మెట్లు కలిస్తే సరిగ్గా 20 అంగుళాలని పట్టుకుని, పక్కగోడ మీద కింది నుంచి ఇరవై, నలభై, అరవై అని గీతలు పెడతాడు. తప్పు పేరుకోవడానికి చోటుండదు. మరి ఇరవైని మూడుగా విడగొట్టడం? టేపును ఏటవాలుగా పెడతాడు. సున్నా కింది గీత మీద, 21 పై గీత మీద పడేదాకా వంచుతాడు. ఏడు దగ్గర ఒక చుక్క, పద్నాలుగు దగ్గర ఒక చుక్క. ఆ చుక్కల మీదుగా అడ్డంగా గీతలు లాగితే మూడు భాగాలూ సమానం. వడ్రంగి పలకను నిలువునా అయిదు పట్టీలు చేయాలన్నా ఇదే కిటుకు. పదో తరగతిలో ‘సరూప త్రిభుజాలు’ అని బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పేది దీన్నే. ఒక్క టేపు తెచ్చి ఒక్క పలక మీద చూపించి ఉంటే నాకు ఆ పాఠం ఆ ఏడే అర్థమయ్యేది.

వాలు కావాలంటే ముందు మట్టమూ మూలా నిక్కంగా ఉండాలి. మట్టానికి నీళ్ల గొట్టం ఉంది. పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపితే రెండు కొసల్లో నీటి ఎత్తు ఒకటే. మధ్యలో గాలి బుడగ చిక్కుకుంటే మాత్రం అంత నమ్మకమైన నీళ్లూ అబద్ధమాడతాయి. మూలకు లంబకోణం చూసే గునియా ఉంది, కానీ అది చెయ్యంత సాధనం. ఇంటి మూలకు దారం కావాలి. ఒక వైపు మూడడుగులు, రెండో వైపు నాలుగు, కొసల మధ్య అయిదు. ముగ్గు పోసే రోజు ఇంటాయన తొందరపడతాడు.

“సూతే గదా మేస్త్రీ, ఏమైతది?”

“ఈడ సూతే సారూ. ఆ మూలకు పొయ్యేసరికి అంగుళమున్నర.”

మేస్త్రి మాట లెక్కకు నిలుస్తుంది. అయిదడుగుల దారంలో సూతు తేడా వస్తే ముప్పై అడుగుల గోడ చివర అది అంగుళమున్నర దాటుతుంది. అందుకే వీలున్నచోట తొమ్మిది, పన్నెండు, పదిహేను పడతారు. అదే సూతు తప్పు అప్పుడు అర అంగుళంతో పోతుంది. త్రిభుజం ఎంత పెద్దదైతే చేతి పొరపాటు అంత చిన్నది. చివర్న నాలుగు మూలలకూ ఎదురెదురు దారాలు లాగి రెండూ సమానమని చూసుకుంటే మనశ్శాంతి. ఇది యజ్ఞవేదికలు కట్టినవాళ్ల నాటి విద్య. శుల్బసూత్రాల్లో శుల్బమంటే తాడే. వాటిలో బౌధాయనుడు చతురస్రం కర్ణానికి ఇచ్చిన లెక్క ఇది: భుజానికి దానిలో మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, అందులో ముప్పైనాలుగో వంతు తీసెయ్. 1.4142157 వస్తుంది. అసలు విలువ 1.4142136. పది మీటర్ల చతురస్రం మీద తల వెంట్రుక మందమంత కూడా తేడా రాదు.

నిలువు బావి ఉన్న గనుల్లో సర్వేయరు చేసేదీ దారం పనే. నేల మీది దిక్కును లోపలికి దించడానికి బావిలోకి రెండు తీగలు వేలాడదీసి, వాటి బరువు గుండ్లను నీళ్లలోనో నూనెలోనో ముంచుతారు, ఊగకుండా. తీగల మధ్య దూరం మూడు మీటర్లయి, ఒక తీగ మిల్లీమీటరు పక్కకు తప్పితే, కిలోమీటరు సొరంగం తవ్వేసరికి దారి 33 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. తాపీ మేస్త్రి సూతుకు ఇది అన్నగారు.

ఇక కర్ర కొనేచోటికి వద్దాం. దుంగను కొలిచేవాడు దాని చుట్టూ టేపు తిప్పి, చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి పొడవుతో గుణిస్తాడు. నాలుగడుగుల చుట్టు, పదడుగుల పొడవు ఉంటే పది ఘనపుటడుగులు. గుండ్రటి దుంగకు నిజమైన ఘనపరిమాణం 12.7. ‘మోసం’ అనిపిస్తుంది. కానీ అదే దుంగను చెక్కి నిండు చతురస్రపు దూలం తీస్తే దక్కేది 8.1 మాత్రమే. అమ్మేవాడి 12.7కూ, కొనేవాడి 8.1కీ నడుమ ఎక్కడో పది దగ్గర బేరం కుదిరిందన్నమాట. బెరడూ అంచు చెక్కలూ పొయ్యిలోకి పోతాయని ముందే ఒప్పుకున్న లెక్క అది. ఇంగ్లండులో ఎడ్వర్డ్ హోపస్ 1736లో దీనికి పట్టికలు అచ్చేశాడు. కర్ర పని లెక్కలు మనకూ కొత్తవి కావు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో ఇటుకల పేర్పుకూ, రంపపు కోతకూ చోటుంది. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

ఇనుము లెక్క పొట్టిది. కడ్డీ మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు. 12 మిల్లీమీటర్లకు 0.89. ఉక్కు ఘనమీటరు 7,850 కిలోలు, దానికి వృత్త వైశాల్యం కలిస్తే ఆ 162 పుడుతుంది. ఇనుము ఇలా మిల్లీమీటర్లలోకి వచ్చింది గానీ, 1956లోనే మెట్రిక్ చట్టం వచ్చినా ప్లైవుడ్ మాత్రం ఈనాటికీ ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, 19 మిల్లీమీటర్ల మందం!

మళ్లీ గనిలోకి దిగుదాం. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైనప్పటి నుంచి చాలా కాలం సింగరేణి బొగ్గు గనుల్లో పైకప్పును ఆపింది కర్ర ప్రాపులే, అంటే ఊతకర్రలే. రూఫ్‌బోల్టులు తర్వాత వచ్చాయి. వాలు పొరలో ప్రాపు ఎలా నిలబెట్టాలి? ఇంటి మేస్త్రి అయితే గుండు దారం వదిలి నిట్టనిలువు చూస్తాడు. వడ్రంగి అయితే గునియా పెట్టి నేల వాలుకు లంబం చూస్తాడు. గనిలో ప్రాపులు నిలబెట్టే టింబర్‌మన్ ఈ రెంటికీ మధ్యలో పెడతాడు, లంబం కన్నా తల కాస్త ఎగువకు వాల్చి. పైకప్పు కుంగేటప్పుడు వాలు వెంబడి దిగువకు జారాలని చూస్తుంది. అప్పుడు ప్రాపు తల దానితోపాటు తిరిగి సరిగ్గా లంబం మీదికి వచ్చి బిగుసుకుంటుంది. మొదటే లంబంగా పెట్టిన ప్రాపు ఆ కదలికకు దిగువకు ఒరిగి వదులవుతుంది.