క్రొత్తగా కసరత్తు – నడుము నొప్పి

సెలవులు గడచి పాఠశాల తెరచిన మొదటి వారముననే మన విద్యార్థులలో అనేకులకు శరీరమును బలపరచుకొనవలెనను ఉత్సాహము పుట్టును. అది మెచ్చదగినదే. కాని రెండవ వారమున వారిలో కొందరు నడుము పట్టుకొని తరగతికి వచ్చుటయు, మూడవ వారమునకు కసరత్తు మాటయే మరచుటయు మేము ఏటేట చూచుచున్నాము. చదువుకొను పిల్లలకు ఈ సాములెందుకని ఇంట పెద్దలు మందలింతురు. ఆడపిల్లలైనచో చెప్పనే యక్కరలేదు. కొలది దినముల నొప్పికై వ్యాయామమును జన్మాంతము విడుచుట మాకు విచారకరముగా తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నడుమునందు ఐదు వెన్నుపూసలు గలవు. పూసకు పూసకు మధ్య మెత్తని బిళ్ల యొకటి యుండి భారమును ఓర్చును. గుడారపు కంబమును నలుదిక్కుల త్రాళ్లు నిలుపునట్లు ఈ పూసలను వెన్నుకండరములు, పొట్టకండరములు, పిరుదుల కండరములు నిలుపుచున్నవి. నెలల తరబడి కూర్చుండియే యున్నవానికి ఈ త్రాళ్లు వదులై యుండును. ఉత్సాహము ఒక్కనాటిలో వచ్చును గాని కండరబలము అట్లు రాదు.

గత సంవత్సరము మన వసతిగృహమందలి తొమ్మిదవ తరగతి బాలుడొకడు, పెద్దవాడెవడో నూరు దండీలు తీయుచుండగా చూచి, మొదటినాడే తానును అరువది తీసెను. ఇరువది వరకు వీపు పలకవలె నిలిచెను. తరువాత చేతులలసి, పొట్ట జారి, నడుము ఉయ్యాలవలె క్రిందికి వ్రేలాడెను. తక్కిన నలువదింటి భారమును నడుమే మోసినదన్నమాట. మరునాడు చొక్కా తొడుగుకొనుటయే కష్టమాయెను. భయపడి ఐదు దినములు మంచముపై కదలక పరుండగా బిగువు హెచ్చెనే గాని తగ్గలేదు.

పూర్వము వైద్యులును పరుండియుండుమనియే చెప్పెడివారు. ఇప్పుడా అభిప్రాయము మారినది. ఒకటి రెండు దినములు పనిని తగ్గించుకొని, ఓర్చుకొనగలిగినంత నడచుచుండుటయే మేలని నేటి వైద్యుల మతము. వేడి కాపడము హాయినిచ్చును. నువ్వులనూనె మర్దనవలన హాని లేదు. ఎదురుకాళ్లతో పుట్టినవానిని పిలిచి నడుము తన్నించు ఆచారము మాత్రము మానవలెను. నొప్పిపడిన చోటునకు తన్ను కూడ ఏల?

నొప్పులన్నియు ఒక్కటి కావు. క్రొత్త పని చేసిన మరునాడు పుట్టి, రెండు మూడు దినములు హెచ్చి, వారములోపల తగ్గు మొద్దునొప్పి కండరములది; దానికి వెరవనక్కరలేదు. చేయుచుండగానే చురుక్కుమని పొడిచినచో ఆ క్షణముననే ఆపవలెను. నొప్పి మోకాలు దాటి పాదము వరకు దిగినను, జ్వరము తోడైనను, క్రిందపడినపిమ్మట పుట్టినను, కొన్ని వారములైనను తగ్గకున్నను వైద్యునికి చూపవలెను. కాలు బలహీనమైనను, తొడల మధ్య స్పర్శ తెలియకున్నను, మలమూత్రములు స్వాధీనము తప్పినను ఒక్క పూటయైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. పిల్లలు సిగ్గుచేత ఈ సంగతులను దాతురు గనుక తలిదండ్రులు అడిగి తెలిసికొనవలెను.

వేకువనే కసరత్తు చేయువారికి మరియొక మాట. రాత్రి పరుండియున్నప్పుడు వెన్నుబిళ్లలు నీరు పీల్చుకొని ఉబ్బును. లేచిన వెంటనే బాగుగా ముందునకు వంగినచో వాటిపై ఒత్తిడి అధికమగును. కావున కొంతసేపు మైదానము చుట్టు నడచి, వంగు పనులను తరువాతికి ఉంచుకొనుట మంచిది. బస్కీలు తీయునప్పుడు వీపును గూనుగా వంచరాదు. బరువెత్తునప్పుడు దానిని ఒంటికి దగ్గరగా పట్టి, మోకాళ్లు వంచి లేవవలెను. ఇవి చూచి నేర్చుకొనుటకంటె ఉపాధ్యాయునియొద్ద నేర్చుకొనవలసినవి. హారీ క్రో బక్ దొరగారు 1920లో మదరాసున వై.యం.సి.ఏ. వ్యాయామ కళాశాలను నెలకొల్పినది అట్టి ఉపాధ్యాయులను తయారుచేయుటకే గదా.

ఆ బాలుని మేము ఆరవనాడు మంచము దింపి నడిపించితిమి. పది దినములకు నొప్పి పోయెను. అటుపిమ్మట వరండా గోడకు చేతులానించి ఎనిమిది దండీలతో మరల మొదలిడెను. నడుము జారిన క్షణమున లెక్క ఆపవలెనని మా షరతు. వారమునకు రెండు మూడు చొప్పున పెంచి, గోడనుండి బల్లకు, బల్లనుండి నేలకు దిగెను. క్రిస్మసు సెలవులనాటికి నేలపై ముప్పది తీయుచుండెను. వీపు పలకవలెనే యుండెను. అతని తల్లిగారు మాత్రము నేటికిని నెలనెలా నూనెసీసా పంపుచునే యున్నారు.