పక్క సీట్లో గురువు

అమెరికాలో భారీ ట్రక్కు నడపడానికి కావలసిన సీడీఎల్ వచ్చినంత మాత్రాన నాకు బండి ఒంటరిగా అప్పగించలేదు. కొన్ని వారాలు ట్రైనర్‌తోనే కాపురం. తిండీ నిద్రా ఆ క్యాబిన్‌లోనే. ఆయనది కింది బెర్తు, నాది పైది. రోజుకు 11 గంటలకు మించి నడపకూడదు, ఆపై 10 గంటల విశ్రాంతి తప్పనిసరి.

అసలు చదువు కొలరాడోలో, ఐసెన్‌హోవర్ సొరంగం దాటాక వచ్చే దిగుడులో. వెనక సరుకుతో కలిపి 80,000 పౌండ్ల దాకా బరువు. ‘‘దిగుడు మొదలవకముందే గేరు తగ్గించు’’ అన్నారాయన. ఇంజిన్ బ్రేకు పనిచేస్తుండగా, వేగం 40 మైళ్లకు చేరితే బ్రేకు తొక్కి 35కి దించి పూర్తిగా వదిలేయాలి. మళ్లీ 40 అయితే మళ్లీ తొక్కాలి. అదేపనిగా తొక్కిపడితే డ్రమ్ములు కాలిపోయి బ్రేకు పట్టదు; ప్రాణాలు పోయేది అక్కడే.

రివర్సులో అనుమానమొస్తే దిగి చూడమంటారు. వానలో ఎన్నిసార్లు దిగినా ఆయన విసుక్కోలేదు. అలాంటి ఓపిక లేనివాళ్లకు ట్రైనీలను అప్పగించకూడదు.