పలాస పప్పుకు ఇంగ్లిషు అంకెలు

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు బజారులో వినిపించే "టూ ఫార్టీ", "త్రీ ట్వంటీ" ధరలు కావు, పప్పు రకాల పేర్లు. విరగని తెల్లపప్పుకు డబ్ల్యూ 180, 210, 240, 320, 450 అనే గ్రేడ్లున్నాయి. డబ్ల్యూ అంటే తెలుపు. పక్కనున్న అంకె పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, తూగే పప్పుల గరిష్ఠ సంఖ్య. 320 రకమైతే పౌనుకు 300 నుంచి 320 దాకా వస్తాయి. కిలోకు 660 నుంచి 705. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది, సాధారణంగా ధరా తగ్గుతుంది. కొత్తగా కొనేవారు తడబడేది ఇక్కడే.

లెక్కగా చెప్పాలంటే బ్రిటిష్ ఇంగ్లిషులో "త్రీ హండ్రెడ్ అండ్ ట్వంటీ" అనాలి. అదే పేరైతే "హండ్రెడ్" జారిపోతుంది. హోటల్ గదుల నంబర్లకూ ఇదే అలవాటు. "రెండు కిలోల త్రీ ట్వంటీ" అన్నప్పుడు కొలత తెలుగులో, పేరు ఇంగ్లిషులో నడుస్తాయి. ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

1956 చట్టంతో దేశం మెట్రిక్ తూనికలకు మళ్లినా, ఎగుమతి వ్యాపారం వల్ల ఈ గ్రేడ్లలో పౌను నిలిచిపోయింది. పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంతపు రైతు జీడిపిక్కలు అమ్మేది మాత్రం 80 కిలోల బస్తా లెక్కన. ఇక బద్దలకూ ముక్కలకూ అంకెలే లేవు, వాటికి అక్షరాల గుర్తులే.