ఇతరుల పేరనున్న వాహనముతో దేశపు సరిహద్దు దాటుట

పంటపనులు ముగిసిన పిదప మన సభ్యులలో పెక్కురు తీర్థయాత్రలకు బయలుదేఱుదురు. కాశీ గయలతో నిలువక, నేపాళమునందలి పశుపతినాథ క్షేత్రమునకును, ముక్తినాథమునకును పోవువారును కలరు. నలుగురైదుగురు కలిసి కారులో పోవునపుడు, ఆ కారు వారిలో నెవ్వరిదియు గాక అన్నగారిదో, అల్లునిదో, పొరుగు రైతుదో యగుట సామాన్యము. మన దేశములో తిరిగినంతకాలము దీనివలన పెద్ద చిక్కు లేదు. సరిహద్దు దాటునపుడు మాత్రము యజమాని తోడ లేని బండిని అధికారులు వేఱు దృష్టితో చూతురు. ఆ కారణమున బండి తీసికొనువారును, ఇచ్చువారును ముందుగా నేమి చేయవలయునో యిచట వివరింపబడును.

మనిషికి వేఱు, బండికి వేఱు

1950 వ సంవత్సరము జూలై 31 వ తేదీన భారత నేపాళ ప్రభుత్వములు చేసికొన్న సంధి ఉభయదేశముల ప్రజల రాకపోకలకు సౌకర్యము గల్పించినది. నేపాళము పోవుటకు మనకు వీసా అక్కఱలేదు. దీనిని బట్టి బండికిని అట్టి స్వేచ్ఛయే కలదని పలువురు తలంతురు. అది సరికాదు. సుంకపు అధికారుల దృష్టిలో సరిహద్దు దాటివచ్చు బండి దిగుమతి సరకు వంటిది. నేపాళములో కార్లపై దిగుమతి సుంకము మిక్కిలి హెచ్చు. ఇచ్చటి బండిని సుంకము లేకుండ గొనిపోయి యచ్చట నమ్మినచో అమ్మినవానికి లాభము, ఆ ప్రభుత్వమునకు నష్టము. కావున బండి మరల వెలుపలికి పోవునను షరతుమీదనే, పూర్తి సుంకము గొనక, కొలది దినములకు మాత్రము లోనికి విడుతురు.

నడుపువాడు యజమానియే యైనచో సంశయమునకు తావు తక్కువ. యజమాని వేఱొకడైనచో, ఇది దొంగసొత్తా, లేక అమ్మకమునకు పోవుచున్నదా యని యడుగుట అధికారుల విధి. ఈ ప్రశ్నకు నోటిమాట సమాధానము కాదు. యజమాని వ్రాసి యిచ్చిన పత్రమే సమాధానము.

అనుమతిపత్రము

ఈ పత్రములో యజమాని పేరు, చిరునామా, బండి నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, నడుపువాని పేరు, లైసెన్సు నంబరు, పోవు దేశము, పోవు తేదీ, వచ్చు తేదీ యుండవలయును. ఇంజను, ఛాసిస్ నంబర్లను రిజిస్ట్రేషను పుస్తకమును జూచి అక్షరము తప్పకుండ ఎత్తి వ్రాయవలయును. సరిహద్దునందు తెలుగు చదువువారు దొరకరు గనుక పత్రమును ఇంగ్లీషుననో, హిందీలోనో వ్రాయించి, నోటరీ యెదుట సంతకము చేయించుట మేలు. యజమాని గుర్తింపు కార్డు నకలును జతపఱుపవలయును. రిజిస్ట్రేషను పుస్తకము అసలే వెంటనుండవలయును. సెల్‌ఫోనులో డిజీలాకరునందు జూపు పత్రములు మన దేశపు నిబంధనల ప్రకారము చెల్లును గాని, ఆ నిబంధనలు పరదేశపు అధికారిని బంధింపవు.

అప్పుపై కొన్న బండి యైనచో అప్పిచ్చిన బ్యాంకు లేక సంఘము పేరు రిజిస్ట్రేషను పుస్తకములో నమోదై యుండును. అట్టి బండిని దేశము దాటించుటకు ఋణపత్రము షరతు లొప్పునో లేదో చదివి, అవసరమైనచో అప్పిచ్చినవారి లిఖితానుమతియు బొందవలయును.

భన్సారు కచేరి

బీహారులోని రక్సౌలు నుండి వీర్‌గంజికిని, ఉత్తరప్రదేశములోని సునౌలీ నుండి భైరహవాకును పోవు మార్గములు మనవారికి పరిచితములు. నేపాళీ భాషలో సుంకపు కచేరిని భన్సారు అందురు. అచ్చట పత్రములు చూపి, బండి రకమును బట్టియు దినముల లెక్కను బట్టియు రుసుము చెల్లించి రసీదు పొందవలయును.

ఆ రసీదుపై తేదీలు విక్రమశకము ప్రకార ముండును. ఆ సంవత్సరము ఏప్రిలు నడుమ మొదలగును. ఇంగ్లీషు సంవత్సరముకంటె 56 లేక 57 ఏండ్లు ముందుండును. 2026 జనవరి 1 వ తేదీ యచ్చట 2082 వ సంవత్సరములోనిది. నెలల దినసంఖ్యయు మన యలవాటు ప్రకారము కాదు. 32 దినముల మాసములును కలవు. గడువు ముగియు దినము ఇంగ్లీషు తేదీ ప్రకార మేదియో కచేరిలోనే అడిగి వ్రాసికొనవలయును. కొండదారులలో చరియలు విఱిగిపడి ప్రయాణ మాగుట కలదు గావున గడువు ఒకటి రెండు దినములు హెచ్చుగనే తీసికొనుట మంచిది. గడువు దాటినచో జరిమానా పడును. బండిని పట్టుకొనుటయు సంభవించును. తిరిగి వచ్చునపుడు అదే కచేరిలో రసీదు జూపి బండి వెలుపలికి వచ్చినట్లు నమోదు చేయింపవలయును. అట్లు చేయనిచో లెక్కలలో ఆ బండి పరదేశముననే నిలిచిపోవును.

బీమా

ఎక్కువమంది మఱచునది యిదియే. మన మోటారు బీమా పాలసీ సాధారణముగ భారతదేశపు హద్దులకే వర్తించును. నేపాళము మొదలగు పొరుగుదేశములకు దానిని విస్తరింపజేయుటకు అదనపు ప్రీమియము కట్టి, ఆ మేరకు పాలసీపై వ్రాయించుకొనవలయును. పాలసీ యజమాని పేర నుండుటచే ఈ పని యజమానియే చేయవలయును. బండి యెరువు తీసికొన్నవాడు సరిహద్దున నిలిచి చేయగలది కాదు. ఇది లేక పరదేశములో ప్రమాదము జరిగినచో నష్టపరిహార మంతయు స్వంత ఆస్తి నుండి యీయవలసి రావచ్చును. మఱియు 1988 వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 5 వ సెక్షను ప్రకారము, లైసెన్సు లేనివానిచే బండి నడుపనిచ్చుట యజమాని తప్పగును.

దూరదేశములకు

ఇరాను వంటి దేశములకు బండిపై పోవువారికి కార్నే యను పుస్తకము కావలయును. దీనికి మూలము 1954 లో న్యూయార్కునందు జరిగిన అంతర్జాతీయ ఒడంబడిక. మోటారు సంఘము కొంత సొమ్ము హామీగ గైకొని ఏడాది గడువుతో దీని నిచ్చును. ప్రతిదేశమునందును ప్రవేశమునకొక ముద్ర, నిష్క్రమణమునకొక ముద్ర పడవలయును. నిష్క్రమణముద్ర లేనిచో ఆ దేశము సుంకమును హామీదారగు సంఘము నడుగును. సంఘము పుస్తకము గొన్నవాని నుండి రాబట్టును. ఇచ్చటను బండి యితరులదైనచో యజమాని యనుమతిపత్రము తప్పదు.

బయలుదేఱుటకు ముందు చూచుకొనవలసినవి

1. అసలు రిజిస్ట్రేషను పుస్తకము, నడుపువాని లైసెన్సు, అందఱి గుర్తింపు కార్డులు.
2. యజమాని అనుమతిపత్రము, అతని గుర్తింపు కార్డు నకలు.
3. పరదేశమునకు విస్తరింపజేసిన బీమా పాలసీ.
4. అప్పున్నచో అప్పిచ్చినవారి యంగీకారము.
5. వీని యన్నిటి నకళ్లు రెండేసి. ఒక జత యజమాని యింట నుంచవలయును.

రుసుములును, దినముల పరిమితియు మాఱుచుండును గావున ప్రయాణమునకు ముందు సరిహద్దు కచేరిలో నడిగి తెలిసికొనవలయును. బంధుత్వమునుబట్టి బండి యిచ్చుట మనలో మంచి యాచారమే. ఇచ్చువారు ఒక పూట వెచ్చించి ఈ పత్రములు సిద్ధపఱచి యిచ్చినచో యాత్రికులు చిక్కు లేక వెళ్లి వత్తురు. బండియు క్షేమముగ యింటికి చేరును.