చప్పుడంతా షాకబ్జర్‌దేనా?

అపోహ: కారు ముందుభాగంలో చప్పుడు వస్తే షాకబ్జర్ పోయినట్టే.

వాస్తవం: అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940ల చివర్లో రూపొందించిన పద్ధతిలో షాకబ్జరూ, దాని చుట్టూ ఉండే స్ప్రింగూ కలిసి స్ట్రట్ అనే ఒకే నిలువు కాడగా ఏర్పడతాయి, 1983లో వచ్చిన మారుతీ 800 మొదలుకొని మన చిన్న కార్లలో అధికభాగానికి ముందున్నది ఇదే. స్ట్రట్ పైకొసను బాడీకి బిగించే, ఇనుప పళ్లేనికి రబ్బరు అతికించి చేసిన భాగాన్ని స్ట్రట్ మౌంట్ అంటారు. అందులోని రబ్బరు గుంతల అదురును బాడీకి చేరనీయదు. బేరింగేమో స్టీరింగ్‌తో పాటు స్ట్రట్ సాఫీగా తిరిగేలా చూస్తుంది. రబ్బరు ఇనుము నుంచి ఊడితే స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు మొద్దుగా ‘దడ్’మంటుంది, బేరింగ్ పట్టేస్తే, ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పుతున్నప్పుడు స్ప్రింగ్ కొంత మెలితిరిగి, పట్టు వదిలిన క్షణాన ‘టంగ్’మంటుంది. బానెట్ ఎత్తి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా మరొకరు మౌంట్ మీద అరచేయి ఆనిస్తే ఆ కుదుపు చేతికే తెలుస్తుంది. షాకబ్జర్ పాడైతే కనిపించే గుర్తులు వేరు: నూనె కారడం, గతుకు దాటాక కూడా కారు ఊగుతూనే ఉండడం. అయితే చక్రాన్ని సస్పెన్షన్ కింది కడ్డీకి కలిపే బాల్ జాయింటు అరిగినా ఇంచుమించు అదే మొద్దుచప్పుడు వస్తుంది కనుక, దాన్ని చూడకుండా మౌంట్ మీద నేరం మోపడమూ తొందరపాటే.

అపోహ: తక్కువ తిరిగిన కారులో మౌంట్ పాడవదు.

వాస్తవం: ఇంజన్ వేడికీ, గాలిలోని ఓజోన్‌కూ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. మారుతీ 800 ఉత్పత్తి 2014లో ఆగింది కాబట్టి, వాటిలో ఆఖరి బండికైనా మీటరు రీడింగు ఒక్కటే చూసి రబ్బరు వయసును అంచనా వేయలేము.

అపోహ: పై నట్టు విప్పితే మౌంట్ చేతికొస్తుంది.

వాస్తవం: వస్తుంది, కానీ ముఖం మీదికి. స్ట్రట్‌ను కారు నుంచి బయటికి తీశాక కూడా స్ప్రింగ్ నొక్కుకొనే ఉంటుంది. దాన్ని అణచిపట్టి ఉంచేది మధ్యనున్న ఆ ఒక్క నట్టే. స్ప్రింగ్ కంప్రెసర్ అనే బిగింపు సాధనపు కొక్కేలను ఎదురెదురుగా తగిలించి, రెండువైపులా కొద్దికొద్దిగా సమానంగా బిగిస్తూ, మౌంట్ మీద స్ప్రింగ్ ఒత్తిడి పూర్తిగా తొలగిందని తేలాకే ఆ నట్టును కదిలించాలి. తాడో తీగో కట్టి పని కానిచ్చే అలవాటును నైపుణ్యంగా మెచ్చుకోవడం తగదు.

అపోహ: గ్రీజు పూస్తే చాలు.

వాస్తవం: గ్రీజుతో తుప్పు పట్టిన బేరింగ్ చప్పుడు కొన్నాళ్లు అణగవచ్చేమో గాని ఊడిన రబ్బరు అతుక్కోదు, పైగా పెట్రోలియం గ్రీజు సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది.

అపోహ: మార్చింది మౌంటే కనుక వీల్ అలైన్‌మెంట్ అక్కరలేదు.

వాస్తవం: చక్రం నిట్టనిలువుగా కాక లోపలికో బయటికో ఒరిగి ఉండే కోణాన్ని క్యాంబర్ అంటారు. చాలా కార్లలో మౌంట్ కోసం స్ట్రట్ కింది బోల్టులు విప్పి బిగించేసరికి ఈ కోణం కొంచెం మారుతుంది, ఆ తేడా వల్ల కొన్ని వేల కిలోమీటర్ల తరువాత టైరు ఒక అంచున మాత్రమే అరిగి కనిపిస్తుంది.