అంతరిక్షవిద్యకు అధికారు లెవ్వరు?

విద్యకు అధికారు లెవ్వరను ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. శాస్త్రము వినుటకే కొందరికి అర్హత లేదని శాసించి మనము పొందిన నష్టము మనకు తెలియును. అదే ప్రశ్న నేడు అమెరికా సంయుక్తరాష్ట్రములలో వేరొక వేషమున నిలిచియున్నది.

వారెన్ వాషింగ్టన్ అను నల్లజాతి బాలుడు 1936లో పోర్ట్‌లాండు నగరమున జన్మించెను. కోడిగ్రుడ్డు సొన పసుపుపచ్చగా నుండుటకు కారణమేమని బడిలో నడుగగా, గురువు జవాబు చెప్పక, నీవే కనుగొనుమనిరి. ఆ బాలుడే 1964లో వాతావరణశాస్త్రమున డాక్టరు పట్టమందెను. అంతకుముందు ఆ పట్టమందిన నల్లజాతివాడు ఆ దేశమున నొక్కడే. బౌల్డరునందలి జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రమున 1963లో చేరి, భూమండలపు గాలుల నడకను కంప్యూటరుతో లెక్కగట్టు విధానమును తొలుత నిర్మించినవారిలో నొకడయ్యెను. 2010లో జాతీయ విజ్ఞాన పతకము గ్రహించి, 2024లో దివంగతుడయ్యెను.

వాషింగ్టనునకు అట్టి గురువు దొరకుట అదృష్టము. ఆ అదృష్టమును పలువురికి పంచుటకై, ఆ కేంద్రమును నడపిన విశ్వవిద్యాలయ సమాఖ్యవారు 1996లో ‘సోర్స్’ అను పథకము నారంభించిరి. ఆ శాస్త్రమున అరుదుగా కానవచ్చు జాతులనుండియు, వర్గములనుండియు కళాశాల విద్యార్థులను వేసవిలో రప్పించి, ఇంచుమించు పది వారములు నిజమైన పరిశోధన చేయించిరి. శాస్త్రము నేర్పుట కొకరు, వ్యాసరచన దిద్దుట కొకరు తోడు నిలిచిరి. సూర్యుని పరిశీలించు శాఖయు ఆ కేంద్రముననే యుండుటచే, మేఘములకై వచ్చినవారికి సూర్యమండలమును దగ్గరయ్యెను.

ఈ ఏర్పాటునకు ప్రాణము భత్యము. సంపన్నుని బిడ్డ వేసవియంతయు జీతము లేక ప్రయోగశాలలో కూర్చుండగలడు. పేదయింటి బిడ్డ ఆ దినములలో అంగడిలోనో పొలములోనో శ్రమించి మరుసటి యేటి ఫీజు కూర్చుకొనవలెను. భత్యము లేని అవకాశము తలుపు తెరచి గడప నెత్తు చేసినట్లుండును.

ప్రతిభకే పీట వేయవలెనని కొందరందురు. సమ్మతమే. కాని ప్రయోగశాల ముఖమే చూడనివాని ప్రతిభను ఏ త్రాసున తూచెదరు? 2025 జనవరిలో ఆ దేశాధ్యక్షుడు ప్రభుత్వపు వైవిధ్య కార్యక్రమములను నిలుపుమని ఆజ్ఞాపించెను. ఆ యేడు పెక్కు విశ్వవిద్యాలయములలో వేసవి పరిశోధనకు నిధులు తగ్గెను. ఒక వేసవి చేజారిన విద్యార్థికి అది మరల రాదు. ఆతడు కనుగొనవలసినది లోకమునకును దక్కదు.

ఈ కథ మనకేల యందురా? గాలివానను భరించువారికే దాని గుట్టు తెలిసికొను హక్కు ముందుండవలెను. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ వేలాది ప్రాణములను పోగొట్టుకొన్నది. తిరుపతికి చేరువగా గాదంకిలో 1024 అంటెనాలతో ఆకాశమును తడవి చూచు రాడారు గలదు. ఆ దివిసీమ కూలివాని బిడ్డకు ఆ రాడారునకు నడుమ అడ్డము తెలివి కాదు. రెండు నెలల తిండిఖర్చు, రైలుచార్జి, దారిచెప్పు పెద్ద. కల్యాణమండపములకు లక్షలిచ్చు దాతలు, తమ యూరి కళాశాలనుండి ఏటేట నొక్క విద్యార్థికి ఒక్క వేసవి నీయలేరా? మనలోను వాషింగ్టనులున్నారు. నీవే కనుగొనుమని చెప్పి, కనుగొనుటకు దారిబత్తెమిచ్చువారే కావలెను.